ఆస్పత్రి గుమ్మం, నార్బ్ ఎడమ కాలు

ఏసుప్రభువు కుంటివాళ్ళని నడిపించాడని చర్చిలో చదువుతారు. మా మాజీ సైనికుల ఆస్పత్రి గుమ్మానికి అంతకంటే పెద్ద మహిమ ఉంది. అది నడిచేవాళ్ళని కుంటివాళ్ళని చేస్తుంది. ఎవరో చెబితే విన్నది కాదు, వ్యాన్ స్టీరింగ్ వెనక కూర్చుని నేను కళ్ళారా చూసిందే చెబుతున్నాను.

అమెరికా సైన్యంలో ఉన్నప్పుడు జర్మనీలో లారీలు తోలినదాన్ని. రిటైరయ్యాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, మా ఊరి మాజీ సైనికులని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళే వ్యాన్ తోలడానికి ఒప్పుకున్నాను. జీతం లేదు, సణుగుడు మాత్రం బోలెడు. పొద్దున్నే మా మాజీ సైనికుల సంఘం హాలు ముందు నుంచి బయలుదేరతాం. ముసలాళ్ళు మంచు మీద చిందులేసుకుంటూ వచ్చి, ముందు సీటు కోసం మోచేతులతో పొడుచుకుంటారు. దారిలో కాఫీకి ఆపితే వరసలో నాకంటే ముందుంటారు. తీరా ఆస్పత్రి తలుపులు వాటంతటవి తెరుచుకోగానే ఒకడికి నడుం వంగిపోతుంది, ఒకడికి చెయ్యి లేవదు, ఇంకొకడికి నా పేరు గుర్తుండదు. సాయంత్రం మళ్ళీ వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి అందరికీ నయమైపోతుంది.

ఈ విద్యకి గురువు ఎల్డన్ ష్రోడర్. హాల్లో బీరు పోసే బల్లకి అవతల, మూలన కూర్చుని, ఏ బాధని ప్రభుత్వానికి ఎలా చెప్పుకోవాలో అందరికీ నేర్పేవాడు.

"నొప్పి ఉన్న రోజు ప్రభుత్వం మన గుమ్మం తొక్కదురా. మనం ప్రభుత్వం గుమ్మం తొక్కిన రోజు నొప్పి ఉండదు. అందుకని నొప్పిని మధ్యాహ్నం తిండి డబ్బాలాగా వెంట పట్టుకెళ్ళాలి. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానన్నావో, నీ పని అయిపోయినట్టే. ఆ మాట ఆ బిల్డింగులో బూతు."

ఎల్డన్ చెప్పేది పూర్తిగా అబద్ధమూ కాదు. నార్బ్ జీల్కీ సంగతే చూడండి. వియత్నాంలో జీపు బోల్తాపడి ఎడమ మోకాలు నుజ్జయింది. చలికాలమంతా ఆ మోకాలు పుట్టెడు బాధ పెట్టేది. ప్రభుత్వ డాక్టరు మాత్రం మండు వేసవిలో పిలిచి చూశాడు. నార్బ్ ఏమీ ఎరగనివాడు కాబట్టి, "ఇవాళ బాగానే ఉందండీ" అన్నాడు. పింఛను రాలేదు. ఆ తర్వాత ఎల్డన్ చేతిలో పడ్డాడు. రెండోసారి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గరే కుంటడం మొదలుపెట్టాడు, పింఛను వచ్చింది. అది మొదలు నలభై ఏళ్ళుగా ఆ గుమ్మం దాటితే చాలు, ఎడమ కాలు దానంతటదే ఈడ్చుకుపోతుంది. పంటి నొప్పికి వెళ్ళినా కుంటుతాడు. తర్వాత తర్వాత ఎల్డన్ ఆ కాలికి తోడుగా ఎడమ చెవినీ, నడుమునీ, కుడి భుజాన్నీ కూడా చేర్చాడు.

అదే నార్బ్ శనివారం సాయంత్రం మా హాల్లో పోల్కా డాన్సు ఆడితే చూడాలి. కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన డెబ్బై నాలుగేళ్ళ మనిషి, భార్య డార్లీన్ నడుం పట్టుకుని హాలు నాలుగు మూలలా తిరిగేవాడు. అక్కార్డియన్ వాయించేవాడు అలిసిపోయేవాడు గానీ నార్బ్ అలిసేవాడు కాదు. డార్లీన్‌కి కొన్నేళ్ళుగా చూపు తగ్గిపోయింది. ఎదుటి మనిషి ముఖం ఉండాల్సిన చోట మసక మచ్చ కనిపిస్తుందట. ఇంట్లో గోడలు పట్టుకుని నడుస్తుంది. పోల్కాలో మాత్రం భయం లేకుండా గిర్రున తిరుగుతుంది. ఇంకెవరైనా ఆడదాం రమ్మంటే నవ్వి తల అడ్డంగా ఊపుతుంది. నార్బ్ చెయ్యి లేకుండా ఆమె గది మధ్యలోకి రాదు. అందుకే ఈ కథలో నార్బ్ ప్రాణం వాడొక్కడిది కాదని నేనంటాను.

మార్చి నెలలో ఒక శుక్రవారం చేపల వేపుడు తింటుండగా నార్బ్ ముక్కులోంచి రక్తం కారి క్యాబేజీ కూరలో పడింది. ఎంతకీ ఆగలేదు. చేతుల మీద చూస్తే ఎవరో గిచ్చినట్టు నల్లటి మచ్చలు. మర్నాడే రక్తపరీక్ష చేయించాం. ఆస్పత్రివాళ్ళు వెంటనే రమ్మన్నారు.

"నువ్వు కూడా లోపలికి రా బెవ్" అన్నాడు నార్బ్. "నాకు అక్కడ ఒక చెవే వినపడుతుంది కదా."

తలుపులు తెరుచుకున్నాయి, కాలు కుంటింది. రక్తం డాక్టరు పేరు థావ్. నలభై ఏళ్ళుంటాయి, మా రాష్ట్రంలోనే పుట్టిన మాంగ్ జాతి అమ్మాయి. వాళ్ళ తాత లావోస్ కొండల్లో మావాళ్ళ పక్కన నిలబడి పోరాడాడట. అందుకో ఏమో మా ముసలాళ్ళ వేషాలు ఓపిగ్గా భరిస్తుంది. ఖర్మకాలి ఆ రోజు ఆమె నార్బ్‌కి ఎడమ పక్కన కూర్చుంది.

"జీల్కీ గారూ, మీకు లుకేమియా" అంది మెల్లగా, చెయ్యి మీద చెయ్యి వేసి.

"ఆఁ?" అన్నాడు నార్బ్, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని.

"లుకేమియా అండీ. రక్తంలో వచ్చే క్యాన్సర్."

"ఆఁ?"

డాక్టరు పాపం గొంతు పెంచి "లుకేమియా" అని అరిచింది. వసారాలో తుడుపుకర్ర పట్టుకున్నతను కూడా ఆగి చూశాడు. నార్బ్ ముఖం చూసి నాకు అర్థమైంది. వాడికి మొదటిసారే వినపడింది. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ నోటికి ఆ "ఆఁ" వచ్చేసింది, దాంతో ఆ పాడుమాటని మూడుసార్లు వినాల్సొచ్చింది. ఆ వేషానికి కోపమొచ్చినా నాకు వాడి మీద జాలేసింది.

"రెండు దారులున్నాయి" అంది డాక్టరు. "ఒకటి గట్టి మందు. నెల రోజులు ఇక్కడే ఉండాలి. ఒంట్లో బలం లేకపోతే రోగం కంటే ముందు మందే చంపుతుంది. బలముండి తట్టుకుంటే కొన్నేళ్ళు రావచ్చు. రెండోది మెత్తటి మందు. బలం లేనివాళ్ళకి అదే ఇస్తాం. మీ రోగానికి దాంతో కొన్ని నెలలు వస్తే గొప్ప."

"నాకు గట్టిదే ఇవ్వండి."

ఆమె కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. మనిషి ఎంత బలహీనంగా ఉన్నాడో పాత రికార్డులన్నీ కూడి అదే లెక్క కడుతుందట. "ఇందులో ఉన్నవన్నీ నిజమైతే మీరు ఈపాటికి మంచం దిగకూడదు. మోకాలు, నడుము, భుజం, చెవి, నిద్ర పట్టకపోవడం, తల తిరగడం, మతిమరుపు."

"మతిమరుపా? అదెప్పుడు రాయించాను?" అన్నాడు నార్బ్ నా వైపు తిరిగి.

"నన్నడుగుతావేంటి?"

"నిజంగా గుర్తులేదు బెవ్."

డాక్టరు ఆ మాట కూడా రాసుకుంది. తర్వాత వసారాలో నేల మీద అంటించిన రెండు టేపుల మధ్య నాలుగు మీటర్లు నడవమంది. నార్బ్ బయలుదేరాడు. నేను వెనక నుంచి మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను, ఎడమ కాలు మాత్రం ఈడ్చుకుంటూనే పోయింది. డాక్టరు చేతిలో గడియారం వంక చూసి పెదవి విరిచింది.

"ముందు రక్తం ఎక్కిస్తాం. మంగళవారం మళ్ళీ చూస్తాను. నడక, కుర్చీలోంచి లేవడం. అంతకంటే ఆగడానికి ఈ రోగం ఒప్పుకోదు. ఇలాగే ఉంటే మాత్రం గట్టి మందు ఇవ్వలేను, నన్ను క్షమించాలి."

బయటికొచ్చాక దులిపేశాను. "సిగ్గులేదూ? ప్రాణం పోతుంటే కూడా ఆ వేషమేంటి?"

"నడుద్దామనే అనుకున్నా. కాలు మాట వినలేదు" అన్నాడు నార్బ్. అప్పటికే వ్యాన్ దాకా తిన్నగా, చక్కగా నడిచొచ్చాడు.

సంగతి తెలిసి ఎల్డన్ ముందు భయపడ్డాడు. "తిన్నగా నడిచావంటే పింఛను కోసేస్తారు" అన్నాడు. వాడికే తన మాట చెవిన పడి తల దించుకున్నాడు. కాసేపు బీరు గ్లాసు మీద నీళ్ళు వేలితో తుడుస్తూ కూర్చుని, "సరే, ముడి వేసింది నేనే, నేనే విప్పుతాను" అన్నాడు.

ఇక చూడాలి ఆ శిక్షణ. హాలు నేల మీద టేపులంటించాడు. నార్బ్ ఒకసారి నడిచాడు, ఎంత బాగా నడిచాడంటే ఎల్డన్‌కి నేర్పడానికేమీ మిగల్లేదు. "ఇక్కడ కాదురా జబ్బు, అక్కడ" అన్నాడు. దాంతో హాలుని ఆస్పత్రి చెయ్యాల్సొచ్చింది. ఎల్డన్ వాళ్ళావిడ తెల్లటి స్నానం కోటు వేసుకుని డాక్టరయ్యాడు. ఆస్పత్రిలో చేతులకి రాసుకునే మందు సీసా తెచ్చి గాలిలో చిమ్మించాడు. నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, తెరిచినప్పుడల్లా నోటితో "సుయ్యి" మనమన్నాడు. సైన్యంలో కూడా ఇంత తలతిక్క పని ఎవరూ చెప్పలేదు నాకు. అయినా అన్నాను.

తలుపు సుయ్యిమంది. మందు వాసన కొట్టింది. నార్బ్ ఎడమ కాలు కూలింది.

"ఒరేయ్, అది మా ఆవిడ కోటురా. ఇక్కడ డాక్టరెవరూ లేరు" అని మొత్తుకున్నాడు ఎల్డన్.

"నాకు తెలుసురా. కాలికి చెప్పు."

మొక్కై వంగనిది మానై వంగుతుందా? మూడు సాయంత్రాలు అదే తంతు. తిట్టాం, బతిమాలాం, వెనక నుంచి తోశాం. ఒకసారి ఎల్డన్ కవాతు అరుపులు అరిస్తే, నార్బ్ కాలు నేలకేసి బాదుతూ కుంటి కవాతు చేసి గోడకి సెల్యూటు కొట్టాడు. నవ్వలేక చచ్చాం. ఆ నవ్వు మధ్యలోనే చూశాను, వాడికి ఆయాసం వస్తోంది. ముందెప్పుడూ రాలేదు.

సోమవారం నాటికి ఎల్డన్‌కి మహత్తరమైన ఆలోచన వచ్చింది. పశువుల దాణా సంచీలోంచి ఎండు మొక్కజొన్న గింజొకటి తీసి నార్బ్ కుడి బూటులో వేశాడు. "ఎడమ కాలు కుంటుతుంది. గింజ గుచ్చుకుని కుడి కాలూ కుంటుతుంది. రెండు కుంట్లూ కలిస్తే కొట్టుకుపోతాయి, మనిషి తిన్నగా నడుస్తాడు. లెక్కల్లో అంతే."

"నువ్వు లెక్కల్లో ఎన్నిసార్లు తప్పావు ఎల్డన్?" అన్నాను.

"అది వేరు."

మంగళవారం డార్లీన్ తనూ వస్తానంది. ఇన్నేళ్ళలో నార్బ్ ఆమెను ఒక్కసారీ ఆస్పత్రికి తీసుకురాలేదు. ఎందుకు తెస్తాడు? ఇంట్లో గంతులేసే మనిషి అక్కడ కుంటుతున్నాడని తెలిస్తే పరువేం కావాలి? ఈసారి మాత్రం ఆమె వినలేదు. "చచ్చేదీ బతికేదీ తేల్చే చోటికి నన్ను తీసుకెళ్ళవా?" అంది. కోటు తొడుక్కుని వ్యాన్‌లో ముందు సీటులో కూర్చుంది. ఆ రోజు ఎవరూ ఆ సీటు కోసం పోట్లాడలేదు.

వసారాలో డార్లీన్‌ని కుర్చీలో కూర్చోబెట్టాను. రెండో చివర నార్బ్, వాడి పక్కన గడియారం పట్టుకుని డాక్టరు, గోడకి ఆనుకుని ఎల్డన్. కొత్త రక్తం ఎక్కించాక నార్బ్ బుగ్గల్లో కాస్త రంగు వచ్చింది. కానివ్వండి అంది డాక్టరు.

ఎల్డన్ లెక్క తప్పింది. రెండు కుంట్లూ కొట్టుకుపోకపోగా, ఒకదానికొకటి తోడయ్యాయి. నార్బ్ కొలను లోంచి గట్టెక్కిన బాతులాగా అటూ ఇటూ ఊగుతూ వస్తున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

డార్లీన్ తల పక్కకి వంచి విని, నా చెయ్యి తట్టింది. "ఎవరమ్మా పాపం, ఆ వచ్చే పెద్దాయన? రెండు కాళ్ళూ పోయినట్టున్నాయి. మన నార్బ్‌ది ఎప్పుడు?"

ఆమె మెల్లగానే అంది. వసారా ఖాళీగా ఉండటంతో అందరికీ వినపడింది.

"అది నార్బే" అన్నాను.

"ఊరుకో. యాభై ఏళ్ళు ఆ పాదాల మధ్య పాదాలు వేసి తిరిగినదాన్ని. నా మొగుడి అడుగు నాకు తెలీదా?"

డాక్టరు గడియారం ఆపేసింది. వచ్చి డార్లీన్ ముందు ముణుకుల మీద కూర్చుని, "ఆయన అడుగు ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది. డార్లీన్ కుర్చీ చేతి మీద వేళ్ళతో పోల్కా వాయించి చూపించింది, ఎక్కడా తొట్రుపాటు లేకుండా, చకచకా. నార్బ్ ముఖం కందగడ్డయింది. వంగి కుడి బూటు విప్పాడు. గింజ నేల మీద పడి దొర్లుకుంటూ పోయి డాక్టరు కాలి దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"మొక్కజొన్న" అన్నాడు ఎల్డన్.

"అది నాకూ తెలుసు."

నార్బ్ ఇక దాచలేదు. "నేను ఎక్కడైనా నడవగలను డాక్టరమ్మా. మిల్లులో నడిచాను, జింకని చంపి అడివిలోంచి ఈడ్చుకొచ్చాను, పోల్కా ఆడతాను. ఈ గుమ్మం లోపల మాత్రం నా వల్ల కావట్లేదు. కావాలని చేస్తున్నది కాదు. ఒకప్పుడు కావాలనే చేశాను. ఇప్పుడది నన్ను చేస్తోంది."

డాక్టరు తిడుతుందనుకున్నాను. "సరే, నడక బయట ఎండలో చూద్దాం. కుర్చీ పరీక్ష ఇక్కడే అయిపోనివ్వండి. చేతులు గుండెకి అడ్డంగా కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోండి."

నార్బ్ చేతులు కట్టుకున్నాడు. ఎల్డన్ ఎప్పుడో నేర్పినట్టే ఎడమ కాలు ముందుకి చాపి, మడమ నేలకి తగలకుండా గాలిలో ఉంచాడు. లేచాడు, కూర్చున్నాడు. లేచాడు, కూర్చున్నాడు. ముఖంలో మాత్రం ఘోరమైన బాధ నటిస్తూనే ఉన్నాడు. ఐదూ అయ్యాయి.

డాక్టరు గడియారం నొక్కడమే మర్చిపోయింది. "మళ్ళీ చెయ్యండి" అంది.

మళ్ళీ చేశాడు.

"ఎడమ కాలు కింద పెట్టరా?"

"అది దెబ్బతిన్న కాలు కదండీ. ఇక్కడ దాన్ని వాడకూడదు."

"ఎన్నాళ్ళ నుంచి ఒంటికాలి మీద లేస్తున్నారు?"

"ఈ ఆస్పత్రిలోనా? ఎప్పుడూ ఇంతే."

డాక్టరు ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు కట్టుకుని, ఎడమ కాలు చాపి, లేవబోయింది. సగం దాకా లేచి ధబ్బున కూలబడింది. పొద్దున్నే పరుగు తీసే మనిషని నర్సు తర్వాత చెప్పింది. నర్సు కూడా వచ్చి ప్రయత్నించింది, పిర్ర పైకి లేవనే లేదు. నాకూ పౌరుషమొచ్చి కూర్చున్నాను. నా సంగతి వదిలెయ్యండి. ఎల్డన్ అయితే కుర్చీతో సహా పక్కకి ఒరిగాడు, వాడిని లేపడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. అటుగా పోతున్న ఎముకల డాక్టరొకాయన ఇదేదో కొత్త వైద్యమనుకుని ఆగి తనూ ఒక పట్టు పట్టి, నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు. వరసగా ఇంతమందిమి ఒక కాలు గాలిలో పెట్టి మూలుగుతుంటే, మధ్యలో నార్బ్ ఒక్కడే లేస్తూ కూర్చుంటూ, "ఇది అంత కష్టమా?" అని అడుగుతున్నాడు.

డాక్టరు చెమట తుడుచుకుంది. "మీ బాధలన్నీ కంప్యూటరు కూడింది జీల్కీ గారూ. వాటిని నలభై ఏళ్ళు మోసిన కుడి కాలిని కూడలేదు. ఇంత బలం ఉన్న మనిషికి మెత్తటి మందు ఇస్తే నా తప్పవుతుంది."

"మరి కంప్యూటరు?"

"అది సలహా ఇస్తుంది. మందిచ్చేది నేను."

ఎల్డన్ గొంతు సవరించుకుని, "మరి మోకాలి పింఛను..." అన్నాడు.

"మోకాలు వేరే ఆఫీసు సంగతి. నా పని రక్తం." అని ఆమె నార్బ్‌కి ఎడమ పక్కన వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించి అంది: "ఈ మందు మిమ్మల్ని చంపే అవకాశం కూడా ఉంది. చిన్నదేం కాదు. విన్నారా?"

నార్బ్ ఈసారి "ఆఁ?" అనలేదు. డార్లీన్ చెయ్యి వెతుక్కుంది, వాడు అందించాడు. "విన్నాను. ఇవ్వండి" అన్నాడు.

ఆ నెల సంగతి ఎక్కువ చెప్పను. జుట్టు పోయింది, నోరంతా పుళ్ళు, జ్వరం దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కేది. వారానికి రెండుసార్లు డార్లీన్‌ని తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు నర్సు వచ్చి ఎలా ఉందని అడిగితే, నార్బ్ కళ్ళు కూడా తెరవకుండా "చస్తున్నాను" అన్నాడు. ముఖంలో ఏ నటనా లేదు. నిజంగా బాగాలేని మనిషికి దాన్ని చూపించే ఓపిక కూడా ఉండదని అప్పుడే తెలిసింది. ఎల్డన్ అక్కడ నిలబడలేక కిందికి పోయి, యాపిల్ పై ముందు పెట్టుకుని ఏడ్చాడు. వాడు జనానికి నేర్పిన బాధలన్నీ ఒకపక్క, ఇదొకపక్క. నేనూ వాడిని ఏమీ అనలేదు, ఆ రోజుకి.

డార్లీన్ మంచం పట్టీ మీద వేళ్ళతో వాయిస్తూ ఉండేది, అదే పోల్కా. ఆమెకి కనపడదు కాబట్టి నేనే చెప్పేదాన్ని, దుప్పటి కింద బొటనవేలు కదులుతోందో లేదో. ఒక మధ్యాహ్నం కదల్లేదు. నేను కదిలిందనే చెప్పాను. మర్నాటి నుంచి నిజంగానే కదిలింది.

మేలో ఇంటికొచ్చాడు, సగం మనిషిగా. ఎముక మూలుగలో రోగం కనిపించట్లేదన్నారు. అది తిరిగి రాకుండా ఇంకో విడత మందు వెయ్యాలి, దానికీ మనిషి తట్టుకోగలడని తేలాలి అన్నారు. జూన్‌లో మళ్ళీ బయలుదేరాం, నార్బ్, డార్లీన్, ఎల్డన్, నేను.

తలుపులు సుయ్యిమన్నాయి. అలవాటు కొద్దీ నార్బ్ ఎడమ పక్కకి చెయ్యి అడ్డం పెట్టాను. అవసరం లేకపోయింది. వాడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, మెడ నిలబెట్టి, భుజాలు వెనక్కి లాగి, వసారా పొడుగునా కవాతు మైదానంలో కుర్రాడిలాగా నడిచాడు. చొక్కా మాత్రం కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. రెండు కాళ్ళూ సమానంగా పడుతున్నాయి. నలభై ఏళ్ళుగా ఆ నేల ఎరగని నడక అది.

"ఎలా ఉన్నారు?" అని అడిగింది డాక్టరు థావ్.

"బాగున్నాను" అన్నాడు నార్బ్.

ఎల్డన్ చేతిలో కాఫీ ఒలికింది. బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా కూడా తలెత్తి చూసింది. డాక్టరు వాడిని చాలాసేపు చూసింది. గుండె విన్నది, నాడి చూసింది, మణికట్టు పట్టుకుని కావాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపే ఉంచుకుంది. ఆమెకి తెలియదని నేననుకోను. "ఈసారి మోతాదు కొంచెం తగ్గించి ఇస్తాను. సోమవారం చేరండి" అంది.

బయటికొచ్చాం. వెనక తలుపులు మూసుకోగానే నార్బ్ నా భుజం మీద బరువంతా వేశాడు. కుంటడం మొదలుపెట్టాడు.

"ఇక్కడెవరు చూస్తున్నారని? ఆపు" అన్నాను.

"ఆపలేను బెవ్. ఇది నిజంది."

కిందికి చూశాను. కుంటుతున్నది ఎడమ కాలు కాదు, కుడి కాలు. అన్నేళ్ళు ఒంటరిగా మోసింది, ఇక నా వల్ల కాదన్నట్టుంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు.

ఎల్డన్ అప్పుడే జేబులో పెన్ను తడుముకుంటున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. "ఒరేయ్, ఇది సిసలైన కుంటురా. ఇదీ రాయిద్దాం."

"వద్దు" అన్నాడు నార్బ్. "అక్కడ బాగున్నానని చెప్పొచ్చాను."

డార్లీన్ వాడి రెండో చెయ్యి పట్టుకుని, తల పక్కకి వంచి వింటోంది. "ఇది కొత్త అడుగు" అంది. "కాస్త నెమ్మదిగా ఉంది. ఏదీ, మళ్ళీ ఒకసారి నడువు. శనివారానికి నేర్చేసుకుంటాను."

నార్బ్ వ్యాన్ దాకా నడిచాడు, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి నడిచాడు. ఆమె వాడి చెయ్యి వదలకుండా, కుడి అడుగు దగ్గర తనూ ఒక్క రవ్వ ఆగుతూ, పక్కనే నడిచింది. వాళ్ళకి చాలనిపించేదాకా నేను వ్యాన్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను.